వోచర్ చేతికొచ్చాక ఇల్లు దొరకాలి కదా: అమెరికా పల్లెల్లో నిరాశ్రయుల కథ

ఆరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ 40 వేల లోపు జనాభా ఉన్న ఊరు. అక్కడి పార్కులో ఎవరైనా దుప్పటి పరుచుకుని పడుకుంటే 295 డాలర్ల జరిమానా వేసేవారు. కట్టకపోతే అది 537 డాలర్లు దాటేది. ఈ జరిమానాల మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బయట పడుకున్నందుకు జరిమానా వేయడం రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్ష కిందికి రాదని 2024 జూన్ 28న కోర్టు 6–3 మెజారిటీతో తేల్చింది. తీర్పు మీద బోలెడంత చర్చ జరిగింది. దానికన్నా కేసు కాగితాల్లో కనిపించే ఆ ఊరి పరిస్థితి మీదే నాకు ఎక్కువ ఆసక్తి. అద్దె ఇళ్లలో ఖాళీగా ఉన్నవి దాదాపు నూటికి ఒకటి. నగరపాలక సంస్థ నడిపే షెల్టర్ లేదు. పెద్ద వసతి అంటూ ఉన్నది ఒక క్రైస్తవ మిషన్‌ది. అందులో ఉండాలంటే ప్రార్థనకు హాజరవ్వాలి, సిగరెట్ మానాలి.

ఇళ్లు లేవు, ప్రభుత్వ వసతి లేదు, ఉన్న సంస్థ తన నియమాల ప్రకారం తాను నడుస్తుంది. అమెరికాలో చిన్న ఊళ్లలో, పల్లె కౌంటీలలో (అక్కడి జిల్లాలు) ఇల్లు లేనివాళ్ల సమస్య దాదాపుగా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. దీనికి మందుగా ఎప్పటి నుంచో వినిపిస్తున్న మాట ‘భాగస్వామ్యం’. ప్రభుత్వ డబ్బు చేతిలో ఉన్న హౌసింగ్ అథారిటీలు, మనుషులను దగ్గర నుంచి ఎరిగిన స్వచ్ఛంద సంస్థలు కలిసి పనిచేస్తే పల్లెల్లో ఈ సమస్యే ఉండదంటారు. మాట బాగానే ఉంది. అది ఎక్కడ నడుస్తోంది, ఎక్కడ చతికిలబడుతోంది అన్నది తెలియాలంటే ఒక వోచర్ వెంట, అంటే అద్దెలో కొంత ప్రభుత్వం కడుతుందని చెప్పే పత్రం వెంట, కొంతదూరం నడవాలి. అంతకంటే ముందు ఆ మనిషి లెక్కలోకి రావాలి.

లెక్కకు దొరకని మనుషులు

ఏటా జనవరి ఆఖరి పది రోజుల్లో ఒక రాత్రి ఎంచుకుని, ఇల్లు లేనివాళ్లను లెక్కపెడతారు. 2024లో దేశం మొత్తం మీద 7,71,480 మంది తేలారు. అంతకు ముందు ఏడాదికన్నా 18 శాతం ఎక్కువ. నగరంలో ఈ లెక్క కొంతవరకు కుదురుతుంది. పేవ్‌మెంట్ మీదో వంతెన కిందో మనిషి కనిపిస్తాడు. పల్లెలో అలా కాదు. అడవి అంచున చెడిపోయిన క్యాంపర్ వ్యాన్, కరెంటూ నీళ్లూ లేని షెడ్డు, పెద్ద దుకాణం పార్కింగ్‌లో రాత్రంతా ఆగి ఉన్న కారు, వారానికింతని కట్టే మోటెల్ గది, అక్క ఇంట్లో సోఫా. కౌంటీ ఒకటి మన పాత ఉమ్మడి జిల్లా అంత ఉంటుంది, జనవరి మంచులో లెక్కకు వచ్చేది గుప్పెడు మంది వాలంటీర్లు. వాళ్లకు తెలిసిన చోట్లే వెతుకుతారు.

దీనికి తోడు నిర్వచనాల తిరకాసు ఉంది. చుట్టాల ఇంట్లో తలదాచుకున్న కుటుంబాన్ని కేంద్ర గృహ నిర్మాణ శాఖ, అంటే అందరూ ‘హడ్’ అనే శాఖ, మామూలుగా నిరాశ్రయుల కింద లెక్కించదు. అదే ఇంట్లోంచి బడికి వెళ్లే పిల్లవాడిని విద్యాశాఖ మాత్రం నిరాశ్రయుడిగానే రాసుకుంటుంది. ఒకే కుటుంబం, రెండు రిజిస్టర్లు. ఆదివాసీ ప్రాంతాల్లో ఈ తేడా మరీ పెద్దది. ఉండటానికి వేరే చోటు లేక బంధువుల ఇళ్లలో ఇరుక్కుని బతుకుతున్నవాళ్లు అక్కడ 42 వేల నుంచి 85 వేల మంది ఉండొచ్చని హడ్ తరఫున జరిగిన అధ్యయనమే 2017లో అంచనా కట్టింది. వాళ్లలో చాలామంది జనవరి రాత్రి లెక్కకు అందరు.

లెక్కలో తక్కువ కనిపిస్తే సేవలకు డబ్బూ తక్కువే వస్తుంది. నిరాశ్రయుల కోసం హడ్ ఇచ్చే నిధులు ‘కంటిన్యుయమ్ ఆఫ్ కేర్’ అనే ప్రాంతీయ కూటముల ద్వారా పంపిణీ అవుతాయి. పెద్ద నగరాలకు ఎవరి కూటమి వారికుంది. ఏ నగరానికీ చెందని కౌంటీలన్నిటినీ కలిపి ‘బ్యాలెన్స్ ఆఫ్ స్టేట్’ అని ఒక కూటమి చేస్తారు. టెక్సస్‌లో 254 కౌంటీలుంటే వాటిలో 200కు పైగా ఈ ఒక్క దాంట్లోనే ఉన్నాయి. దూరాలూ అవసరాలూ పొంతన లేని ఊళ్లన్నిటికీ కలిపి ఒకే దరఖాస్తు వెళుతుంది. దరఖాస్తు రాయగల సిబ్బంది ఉన్న కౌంటీకి అందులో ఎంతో కొంత దక్కుతుంది. అంతమంది లేని కౌంటీ పేరు కాగితం మీద ఉంటుంది, అంతే.

ఎవరి చేతిలో ఏముంది

హౌసింగ్ అథారిటీ అంటే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం అనుకుంటారు గానీ, అది స్థానిక సంస్థ. 1937 నాటి గృహ నిర్మాణ చట్టం తర్వాత రాష్ట్రాల చట్టాల కింద ఊరికొకటి, కౌంటీకొకటి పుట్టాయి. దేశంలో ఇప్పుడు సుమారు 3,300 ఉన్నాయి. డబ్బు, నిబంధనల పుస్తకం హడ్ నుంచి వస్తాయి; నిర్ణయాలు స్థానిక బోర్డువి. న్యూయార్క్ అథారిటీ కింద ఒక నగరానికి సరిపడా జనం ఉంటారు. పల్లె అథారిటీకి వస్తే ఒక డైరెక్టరు, ఒక గుమాస్తా, ఇళ్ల మరమ్మతులు చూసే ఒక మనిషి. ముగ్గురిలో ఒకరు సెలవు పెడితే వారం రోజులు ఫైళ్లు కదలవు.

వీళ్ల చేతిలో ఉన్న ముఖ్యమైన ఆయుధం అద్దె వోచర్. అమెరికాలో అద్దెకివ్వడానికి ఇళ్లు కొన్న మనవాళ్లకు ‘సెక్షన్ 8’ అన్న మాట కొత్త కాదు. ఓనర్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘సెక్షన్ 8 వాళ్లకి ఇవ్వొచ్చా’ అన్న ప్రశ్న తరచూ వస్తుంటుంది కూడా. 1974 చట్టంతో మొదలైన ఈ పద్ధతిలో ఇల్లు ప్రైవేటు ఓనరుదే. అద్దెకున్న కుటుంబం మామూలుగా తన ఆదాయంలో సుమారు 30 శాతం కడుతుంది, మిగతాది అథారిటీ నేరుగా ఓనరు ఖాతాలో వేస్తుంది. వికలాంగుడైన ఒంటరి మనిషికి 2025లో కేంద్రం ఇచ్చే గరిష్ఠ నెలసరి భృతి 967 డాలర్లు. అద్దె 900 డాలర్లనుకుందాం. అతను కట్టాల్సింది సుమారు 290, అథారిటీ కట్టేది 610. వోచర్ లేకపోతే అద్దె పోగా అతని చేతిలో మిగిలేది 67 డాలర్లు. అమెరికాలో ఇల్లు లేకపోవడానికి తాగుడు, మత్తు, మతిభ్రమణం అంటూ ఎన్ని కారణాలు చెప్పినా, ఈ కూడికలు తీసివేతలు చూశాక అవన్నీ రెండో వరుసలోకి వెళతాయని నా అభిప్రాయం.

ఇంత మంచి సాయానికి ఒక పెద్ద చిల్లు ఉంది. వోచర్ హక్కు కాదు. అర్హతలున్న కుటుంబాల్లో సుమారు నాలుగింట ఒక వంతుకే కేంద్రం అద్దె సాయం ఏదో ఒక రూపంలో అందుతుంది. మిగతావాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారు, లేదా లిస్టు ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూస్తుంటారు.

స్వచ్ఛంద సంస్థల దగ్గర ఉన్నది వేరే సరుకు. చర్చి వంటశాల, గృహహింస బాధితుల ఆశ్రయం, ఆహార పంపిణీ కేంద్రం, పేదలకు సాయపడే కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీ. వీటిలో పనిచేసేవాళ్లకు కారులో పడుకునే మనిషి పేరు, అతని కుక్క పేరు, అతను ఎవరి మాట వింటాడో అన్నీ తెలుసు. స్థిరమైన డబ్బు మాత్రం ఉండదు. ఈ ఏడాది గ్రాంటు వస్తే ఒక్కొక్కరి వెంట ఉండి బాగోగులు చూసే కేస్ మేనేజర్ ఉంటాడు, రాకపోతే వేరే ఉద్యోగం చూసుకుంటాడు.

మూడో మనిషి ఇంటి ఓనరు. భాగస్వామ్య ఒప్పందం మీద ఇతని సంతకం ఉండదు. తాళం చెవి ఉండేది ఇతని దగ్గరే.

ఒక వోచర్ ప్రయాణం

మొదటి మెట్టు వెయిటింగ్ లిస్టు. ఎవరికి ముందు ఇవ్వాలన్నది చాలావరకు స్థానిక అథారిటీ ఇష్టం. ఇల్లు లేనివాళ్లకు ప్రాధాన్యం ఇవ్వొచ్చని, ఎలా ఇవ్వాలో కూడా హడ్ 2013లోనే సర్క్యులర్ ఇచ్చింది. అథారిటీ ‘అడ్మినిస్ట్రేటివ్ ప్లాన్’ అనే పత్రంలో ఒక పేరా మారిస్తే చాలు. నా దృష్టిలో పల్లెల్లో అసలైన భాగస్వామ్యం ఆ పేరాలోనే ఉంది. సభలు, ఫోటోలు, ప్రతిజ్ఞలు తర్వాత సంగతి. 200 వోచర్లున్న చిన్న అథారిటీలో ఏటా పదో పదిహేనో ఖాళీ అవుతాయనుకుందాం. వాటిలో సగం నిరాశ్రయులకు కేటాయిస్తే ఏడాదికి ఐదు నుంచి ఏడు కుటుంబాలు. మహానగరంలో అదొక అంకె కూడా కాదు. లెక్కలో ముప్పై మంది తేలిన కౌంటీలో అది చాలా పెద్ద సంఖ్య.

పేరా మార్చడానికి బోర్డు ఎందుకు జంకుతుందో కూడా చూడాలి. మూడేళ్లుగా లిస్టులో ఉన్న వితంతువును వెనక్కి నెట్టి, నిన్న కారులో దొరికిన మనిషిని ముందు పెట్టడం చిన్న ఊళ్లో తేలిక కాదు. ఆ వితంతువు బోర్డు సభ్యుడికి ఆదివారం చర్చిలో ఎదురుపడుతుంది. అందుకే తెలివైన స్వచ్ఛంద సంస్థలు ‘అందరికీ ఇవ్వండి’ అని అడగవు. ‘ఏడాదికి ఐదు, మేం పంపినవాళ్లకు, వాళ్ల వెంట మా మనిషి ఉంటాడు’ అని అడుగుతాయి. అంకె వేసి పరిమితి పెట్టిన ప్రాధాన్యానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, బోర్డులూ ఒప్పుకుంటాయి.

రెండో మెట్టు కాగితాలు. పుట్టిన తేదీ పత్రం, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఆదాయ రుజువు. కారులో బతికే మనిషి దగ్గర ఇవి ఉండవు. ఇంకో రాష్ట్రంలో పుట్టి ఉంటే అక్కడి నుంచి తెప్పించాలి, దానికి ఫీజు, ఉత్తరం రావడానికి ఒక చిరునామా. నేర చరిత్ర ఉంటే మరో చిక్కు. జీవితకాలపు లైంగిక నేరాల రిజిస్టర్‌లో ఉన్నవాళ్లను, ప్రభుత్వ సాయం ఉన్న ఇంటి ఆవరణలో మెథాంఫెటమిన్ తయారు చేసి శిక్షపడిన వాళ్లను శాశ్వతంగా తిరస్కరించాలన్నది కేంద్ర నిబంధన. మిగతా పాత కేసుల విషయంలో అథారిటీకి చాలా వెసులుబాటు ఉంది. చాలాచోట్ల కేంద్రం అడిగిన దానికన్నా స్థానిక నియమమే కఠినంగా ఉంటుంది, అదెప్పుడు ఎవరు పెట్టారో కూడా ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ కూడా మార్చాల్సింది అదే అడ్మినిస్ట్రేటివ్ ప్లాన్.

మూడో మెట్టు ఇల్లు వెతకడం. అందరూ జారిపడేది ఇక్కడే. వోచర్ చేతికిచ్చాక కనీసం 60 రోజుల గడువిస్తారు. ఆ లోపు ఒప్పుకునే ఓనరు దొరకాలి, అద్దె అథారిటీ పరిమితి దాటకూడదు, ఇల్లు తనిఖీలో నెగ్గాలి. దేశం మొత్తం మీద చూసినా వోచర్ అందుకున్న పదిమందిలో సుమారు ఆరుగురే దాన్ని వాడుకోగలుగుతున్నారు. పల్లెలో అపార్ట్‌మెంట్లే తక్కువ. ఉన్నవాటిలో చాలా పాత ట్రైలర్లు, కప్పు కారే ఇళ్లు, తనిఖీలో పోతాయి. అద్దె పరిమితిదీ విచిత్రమైన కథే. హడ్ ఏటా ప్రతి ప్రాంతానికీ ‘ఫెయిర్ మార్కెట్ రెంట్’ ప్రకటిస్తుంది, అథారిటీ మామూలుగా దానిలో 90 నుంచి 110 శాతం మధ్య తన పరిమితి పెట్టుకుంటుంది. అద్దె ఒప్పందాలే తక్కువ జరిగే కౌంటీలో ఆ అంకె బజారు వెనక కుంటుతూ వస్తుంది. చమురు పడిన ఊరైతే ఇక చెప్పనక్కర్లేదు. నార్త్ డకోటాలోని విలిస్టన్ 2014 నాటి ఒక సర్వేలో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోలను మించిన అద్దెలతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కొలరాడో కొండల్లోని స్కీయింగ్ ఊళ్లలో అద్దెలు పెంచే పని చమురు బదులు పర్యాటకులు చేశారు. హోటల్లో గదులు ఊడ్చే మనిషి రాత్రి తన కారులో పడుకుంటాడు.

నాలుగోది అడ్వాన్సు. వోచర్ నెలసరి అద్దెకే. ఓనరు అడిగే డిపాజిట్, పాత కరెంటు బకాయి, మంచం, చలి మంట ఏర్పాటు, వీటిలో దేనికీ అది పనికిరాదు. వెయ్యి డాలర్లు లేక పదివేల డాలర్ల సాయం వెనక్కి వెళ్లిపోతుంది.

ఆ తర్వాత, ఇంట్లో దిగిన ఆరో నెలలో, పక్కింటివాళ్లతో గొడవ. లేదా మందులు మానేయడం. లేదా గృహస్థు జీవితం అలవాటు తప్పిన మనిషి ఓనరు ఫోన్ ఎత్తకపోవడం. అప్పుడు ఓనరు ఎవరికి ఫోన్ చేయాలి? అథారిటీ గుమాస్తాకు చేస్తే, అది మా పని కాదంటుంది. నిబంధనల ప్రకారం నిజంగానే కాదు. ఎవరికి చేయాలో ఓనరుకు ముందే తెలిసి, ఆ ఫోన్ ఎత్తే మనిషి ఉన్న చోట వోచర్లు నిలుస్తున్నాయి. ఆ ఓనరే రెండో ఇల్లు కూడా ఇస్తాడు.

రెండు సగాలకూ డబ్బు ఉన్నప్పుడు

ఈ మెట్లన్నీ పట్టుగా కట్టిన పథకం ఒకటుంది: మాజీ సైనికులకు ఇచ్చే ‘హడ్-వ్యాష్’. 1992లో చిన్నగా మొదలై, 2008 నుంచి అమెరికా కాంగ్రెస్ ఏటా నిధులివ్వడంతో పెరిగింది. హౌసింగ్ అథారిటీ వోచర్ ఇస్తుంది. మాజీ సైనికుల శాఖ అయిన వీఏ తన ఆరోగ్య బడ్జెట్ నుంచి కేస్ మేనేజర్‌ను పెడుతుంది. దానికి జతగా ‘ఎస్ఎస్‌వీఎఫ్’ అనే మరో పథకం కింద వీఏ స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిస్తుంది. డిపాజిట్లు, బకాయిలు, సామాను తరలింపు ఖర్చులు ఆ సంస్థలు భరిస్తాయి. పైన చెప్పిన ప్రయాణంలో ప్రతి మెట్టుకూ ఇక్కడ ఒక బాధ్యుడు ఉన్నాడు, ప్రతి బాధ్యుడికీ జీతం ఉంది. ఫలితం ఎదురుగా ఉంది. దేశంలో నిరాశ్రయుల సంఖ్య రికార్డుకెక్కిన 2024లోనే మాజీ సైనికుల్లో ఇల్లు లేనివాళ్లు 32,882కి తగ్గారు. లెక్కలు మొదలయ్యాక అదే అత్యల్పం. 2010తో పోలిస్తే సగానికి పైగా తగ్గుదల.

మాజీ సైనికులు మిగతావాళ్లకన్నా తేలికైన మనుషులేమీ కారు. యుద్ధ గాయాలు, మత్తు, మానసిక వేదన వాళ్లలో తక్కువేం లేవు. తేడా వోచర్‌తో పాటు మనిషిని కూడా బడ్జెట్‌లో పెట్టడంలో ఉంది. ఈ పథకం కుంటుపడ్డ పల్లె ప్రాంతాలను చూసినా అదే తెలుస్తుంది. వీఏ ఆసుపత్రి గంటల ప్రయాణ దూరంలో ఉండి, కేస్ మేనేజర్ పోస్టు భర్తీ కాని చోట వోచర్లు వాడకుండా మిగిలాయి.

మామూలు వోచర్‌కు ఈ జోడీ లేదు. అద్దె సగానికి హడ్ డబ్బిస్తుంది, మనిషి సగం ఎవరిదో చట్టంలో రాసి లేదు. ఆ ఖాళీని స్వచ్ఛంద సంస్థ చందాలతో పూడుస్తుందని అందరూ అనుకుంటారు. నగరంలో ఫౌండేషన్లున్నాయి, ఆసుపత్రి సంస్థలున్నాయి, అక్కడ కొంత నడుస్తుంది. పల్లెలో చందా ఇచ్చేవాళ్లే తక్కువ, పైగా ఒక కేస్ మేనేజర్ రోజులో సగం కారు నడపడంలోనే గడిచిపోతుంది. నగరంలో ఒక రోజులో ఐదారుగురిని కలిసేవాడు ఇక్కడ ఇద్దరిని కలిస్తే గొప్ప. గ్రాంటు లెక్కల్లో మాత్రం తలకింత అనే రేటు ఇద్దరికీ ఒకటే. పల్లె నిరాశ్రయత గురించి జరిగే చర్చలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది పెట్రోలు ఖర్చు గురించి ఎవరూ మాట్లాడకపోవడం.

కరోనా కాలంలో ఒక మంచి ప్రయోగం జరిగింది. 2021 రెస్క్యూ ప్లాన్ చట్టం కింద 500 కోట్ల డాలర్లతో 70 వేల అత్యవసర వోచర్లు విడుదల చేశారు. షరతు ఏమిటంటే, అథారిటీ స్థానిక కూటమితో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, మనుషులను ఆ కూటమే పంపాలి, అథారిటీ తన పాత లిస్టు వాడకూడదు. వెతకడానికి గడువు కనీసం 120 రోజులు. పాత కేసుల పేరుతో తిరస్కరించే కారణాలను బాగా తగ్గించారు. అన్నిటికన్నా ముఖ్యంగా, డిపాజిట్లకు, ఓనర్లకు ప్రోత్సాహకాలకు, ఇల్లు వెతికిపెట్టే మనిషికి వోచర్‌కు 3,500 డాలర్ల చొప్పున విడిగా ఇచ్చారు. స్వచ్ఛంద సంస్థలతో ఏనాడూ మాట్లాడని అథారిటీలు ఆ ఒప్పందం కోసం మొదటిసారి ఒక బల్ల దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. ఈ వోచర్ల ముగింపు గురించి తర్వాత చెబుతాను.

వెర్మాంట్ ఏం చేసింది

వోచర్ పట్టుకుని ఇల్లు వెతుక్కోమనడం పల్లెలో పనిచేయనప్పుడు, వోచర్‌ను ఇంటికే అతికించడం రెండో దారి. ‘ప్రాజెక్ట్ బేస్డ్’ వోచర్ అంటే అదే. అథారిటీ తన వోచర్లలో మామూలుగా 20 శాతం దాకా ఇలా కట్టడాలకు కేటాయించవచ్చు. నిరాశ్రయుల వంటి వర్గాల కోసమైతే ఇంకో 10 శాతం. ఒప్పందం 20 ఏళ్ల దాకా ఉంటుంది. అద్దె ఖాయంగా వస్తుందన్న ఆ కాగితం చూపించి స్వచ్ఛంద సంస్థ బ్యాంకు దగ్గర అప్పు తెస్తుంది, 1986 నుంచి ఉన్న పన్ను రాయితీ పథకం కింద పెట్టుబడి తెస్తుంది, పాత బడి భవనాన్నో మోటెల్‌నో అపార్ట్‌మెంట్లుగా మారుస్తుంది. అథారిటీకి భవనం కట్టే సత్తా లేదు, స్వచ్ఛంద సంస్థకు ఏళ్ల తరబడి అద్దె భరించే సత్తా లేదు. ఇద్దరి అవసరాలూ నిజంగా ఒకదానికొకటి అతికేది ఈ ఒప్పందంలోనే.

ఇది పూర్తి రూపంలో చూడాలంటే వెర్మాంట్ రాష్ట్రం చూడాలి. జనాభా ఆరున్నర లక్షలు, 2020 జనగణన ప్రకారం మూడింట రెండు వంతుల దాకా పల్లెవాసులు. ఊరికొక బలహీనమైన అథారిటీ బదులు, రాష్ట్రమంతటికీ పనిచేసే హౌసింగ్ అథారిటీని 1968లో పెట్టుకుంది. దేశంలో అలాంటిది అదే మొదటిది. భూమిని తన దగ్గరే ఉంచుకుని ఇళ్లను అందుబాటు ధరకు ఇచ్చే, 1984లో బర్లింగ్టన్‌లో మొదలైన భూమి ట్రస్టు, ఇప్పటి చాంప్లెయిన్ హౌసింగ్ ట్రస్టు, 2013లో షెల్బర్న్‌లో ఒక మోటెల్ కొని అత్యవసర వసతిగా మార్చింది. రాష్ట్ర ప్రభుత్వ డబ్బుతో నడిచే ఇళ్లలో 15 శాతం నిరాశ్రయులకు దక్కాలని 2016లో గవర్నరు ఉత్తర్వు ఇచ్చారు. ‘ముందు ఇల్లు ఇవ్వండి, మిగతావి తర్వాత’ అన్న పద్ధతిని న్యూయార్క్‌లో 1992లో మొదలుపెట్టింది మనస్తత్వ శాస్త్రవేత్త శామ్ సెంబెరిస్. అది మహానగరాల పద్ధతి, పల్లెలో కుదరదన్న వాదన ఉండేది. పాత్‌వేస్ వెర్మాంట్ అనే సంస్థ మనుషులకు దగ్గర్లో కేస్ వర్కర్లను ఉంచి, నిపుణులను వీడియోలో కలిపి దాన్ని పల్లెకు సరిపెట్టింది. దాదాపు మూడేళ్ల కాలంలో 85 శాతం మంది ఇళ్లు నిలబెట్టుకున్నారని 2013లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

ఇంత చేసిన రాష్ట్రంలో సమస్య తీరి ఉండాలి. 2020 జనవరి లెక్కలో 1,110 మంది, 2024లో 3,458 మంది. మూడింతలు. భాగస్వామ్యాలు దండగ అనేవాళ్లకు ఈ అంకె దొరికింది, వాడుకున్నారు కూడా. లోపలికి వెళ్లి చూస్తే రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. కరోనాలో రాష్ట్రం మోటెల్ గదులు తీసుకుని అడిగినవాళ్లకు వసతి ఇచ్చింది. అంతవరకు కారుల్లో, సోఫాల మీద కనిపించకుండా ఉన్నవాళ్లు గదుల్లోకి వచ్చి లెక్కకు దొరికారు. పల్లెలో సాయం పెరిగితే ముందు అంకె పెరుగుతుంది. ఇది మొదటి సంగతి. రెండోది అంత ఊరటనిచ్చేది కాదు. ఆ గదుల్లోంచి వెళ్లడానికి ఇళ్లు లేవు. కట్టడం నెమ్మది, అద్దెలు పెరిగాయి, 2023, 2024 జూలైల్లో వరదలు ఉన్న ఇళ్లను కూడా కొన్నింటిని తీసుకుపోయాయి. చివరికి 2024లో, చలికాలం మినహాయించి ఏడాదికి 80 రోజులే గది అని పరిమితి పెట్టారు. అథారిటీ, సంస్థలు, రాష్ట్రం ఎంత చక్కగా కలిసి పనిచేసినా లేని ఇంటికి మనిషిని పంపలేవు.

ఇళ్లు లేకపోవడమే కాదు, ఉన్నవి జారిపోతున్నాయి కూడా. వ్యవసాయ శాఖ ‘సెక్షన్ 515’ కింద 1960ల నుంచి ఒక శాతం వడ్డీ అప్పులతో పల్లెల్లో 5 లక్షలకు పైగా అద్దె ఇళ్లు కట్టించింది. దశాబ్దానికి పైగా కొత్తవి కట్టించడం లేదు. పాత అప్పులు తీరుతున్న కొద్దీ అద్దె మీద ఉన్న ఆంక్షల నుంచి ఓనరు బయటపడతాడు, అప్పుతో ముడిపడ్డ అద్దె సాయం కూడా మామూలుగా ఆగుతుంది. అంటే అప్పు తీరడం ఇక్కడ అద్దెకున్న ముసలమ్మకు చెడ్డ వార్త. ముసలివాడైన ఓనరు దగ్గర ఆ భవనాన్ని ఒక స్వచ్ఛంద సంస్థ కొనుక్కుంటే ఇరవై కుటుంబాలు అక్కడే ఉంటాయి. ఇరవై మందిని వీధిలోంచి మళ్లీ ఇళ్లలోకి చేర్చడం కన్నా ఇది ఎంతో చవక. కానీ దీనికి రిబ్బన్ కత్తిరింపు ఉండదు.

మన దగ్గర నిరాశ్రయత అంటే నగరం సమస్య అనే అభిప్రాయం ఇంకా గట్టిది. 2011 జనగణనలో దేశంలో ఇల్లు లేని 17.7 లక్షల మందిలో దాదాపు సగం, 8.3 లక్షలకు పైగా, పల్లెల్లో తేలారు. అయినా రాత్రి వసతి గృహాల కోసం కేంద్రం తెచ్చిన పథకం పేరే ‘పట్టణ నిరాశ్రయుల షెల్టర్లు’. పల్లెకు ఉన్నది ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్. మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతంలో 1.30 లక్షలు ఇస్తుంది, స్థలం మాత్రం ఉండాలి. స్థలం లేనివాడికి రాష్ట్రం పట్టా ఇవ్వాలి. మనది కట్టుకునేవాడికి చేసే సాయం, వాళ్లది అద్దెకుండేవాడికి. ఒకే ఇంట్లో మూడు కాపురాలుండటం రెండు చోట్లా లెక్కకు సరిగా రాదు.

70 వేల వోచర్లు ఏమయ్యాయి

ఆ అత్యవసర వోచర్లకు 2030 దాకా డబ్బు సరిపోతుందని మొదట్లో అనుకున్నారు. అద్దెలు అంచనాను దాటి పెరిగాయి. ఇదే చివరి విడత, ఇక డబ్బు రాదన్న లెక్కతోనే నడుపుకోండని 2025 మార్చిలో హడ్ అథారిటీలకు చెప్పేసింది. ఉన్నది 2026లో అయిపోతుందని అప్పట్లో అంచనా. 2025 జూలై 24న వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు, ‘ముందు ఇల్లు’ పద్ధతికి కేంద్రం ఇచ్చే మద్దతును ముగించమంది.

పల్లె అథారిటీ డైరెక్టర్ ముందు కనిపించే ప్రధాన దారి ఒకటుంది. అత్యవసర వోచర్ మీద ఉన్న కుటుంబాలను తన మామూలు వోచర్లలోకి మార్చుకోవడం. ఏటా ఖాళీ అయ్యే ఆ పదో పదిహేనో వోచర్లు వీళ్లకే పోతాయి. కారులో పడుకున్నవాళ్ల కోసం బోర్డును ఒప్పించి రాయించుకున్న ఆ ఐదు సీట్లు మొదట వాళ్ల చేతుల్లోంచే జారతాయి. లిస్టులో ఉన్న వితంతువుకు ఇంకో మూడేళ్లు.